అఖండదీపము – పిడికెడు బియ్యము

ద్రాక్షారామమున భీమేశ్వరుని దర్శించి వచ్చువారిలో పెక్కుమంది ఆలయపు గోడలమీదను స్తంభములమీదను చెక్కియున్న అక్షరములను చూచియు చూడనట్లే వెడలిపోవుదురు. అవి వందలకొలది శాసనములు. చాళుక్య చోళుల కాలమున, వెలనాటి చోడుల కాలమున, కోన హైహయుల కాలమున, ఆ తరువాతి ప్రభువుల కాలమున వేయించినవి. వానిలో యుద్ధములను వర్ణించునవి తక్కువ. లెక్కలు చెప్పునవే ఎక్కువ. ఒక రాణియో, ఒక మంత్రియో, ఒక వర్తకుడో స్వామి సన్నిధిని అఖండదీపము నిలుప సంకల్పించును. దీపమునకు నెయ్యి కావలెను. నేటికిని రేపటికిని చాలిన నెయ్యి కాదు, సూర్యచంద్రులున్నంత కాలము చాలవలసిన నెయ్యి. అందుకై దాత కొన్ని గొఱ్ఱెలనో ఆవులనో దేవుని పేర విడిచి ఒక కాపరికి అప్పగించును. కాపరి వానిని మేపుకొనవచ్చును, పెంచుకొనవచ్చును. కాని దినమునకింతయని కొలిచి నెయ్యి కోవెలకు పోయవలెను. అతని తరువాత అతని బిడ్డలు పోయవలెను. మంద మాత్రము ఎన్నటికిని వారిది కాదు.

సొత్తు ఒకరిది, దాని పోషణభారము మరియొకరిది. ఇట్టి భారము వహించువానికి తెలుగు బైబిలును అనువదించినవారు ‘గృహనిర్వాహకుడు’ అని పేరు పెట్టిరి. క్రైస్తవ సంఘములలో గృహనిర్వాహకత్వమన్న మాట వినబడినప్పుడు వెలుపలివారికి అది ఏదో పాఠ్యగ్రంథపు మాటవలె తోచును. ద్రాక్షారామపు గొఱ్ఱెల కాపరికి మాత్రము దాని అర్థము ఎవరును చెప్పనక్కరలేదు.

అయితే ఒక భేదమున్నది. ఈ ప్రసంగమంతయు ఆ భేదమును గురించినదే. శాసనములలో దాత తాను ఇచ్చుటకు కారణము దాచుకొనలేదు. తనకు పుణ్యముగా, తల్లిదండ్రులకు పుణ్యముగా ఇచ్చుచున్నానని రాతిమీదనే వ్రాయించెను. ద్రాక్షారామమునుండి రెండు గంటల బస్సు ప్రయాణములోనున్న రాజమహేంద్రవరమున 1845 మొదలుగా బోధ సాగించిన లూథరన్ గురువులు తమ జనులకు ఈ కారణము చెప్పుటకు వీలులేదు. దానము వలన మోక్షము రాదనుటయే వారి మతమునకు పునాది. ఇచ్చినచో పుణ్యము వచ్చునని చెప్పకుండ, పూటకు గింజలు చాలని పేదలను, దేవునికింత ఇమ్మని అడుగుట ఎట్లు? అడిగిరిగదా, వారేమిచ్చిరి?

లూథరన్ మతచరిత్ర ధనముతోనే ప్రారంభమైనదని చెప్పిన ఆశ్చర్యపడకూడదు. 1517లో జర్మనీ దేశపు విట్టెన్‌బర్గు పట్టణమున మార్టిన్ లూథరు ప్రకటించిన తొంబదియైదు వాదములు పాపశిక్షను తగ్గించు పత్రములను ధనమునకు అమ్ముటను గూర్చినవి. దేవుని కృప వెలకు దొరకునది కాదని లూథరు వాదము. ఆ వాదము నెగ్గినచోటనెల్ల వెంటనే ఒక చిక్కు వచ్చిపడినది. తరతరములుగా జనులు తమ ఆత్మల మేలుకొఱకు మఠములకును గుడులకును ఇచ్చుచుండిరి. ఇచ్చినందువలన ఆత్మకు లాభము లేదని తెలిసిన పిదప వారెందులకిత్తురు? బడులెట్లు నడచును? బీదలకెవరు పెట్టుదురు?

1523లో సాక్సనీలోని లైస్నిగ్ అను చిన్న పట్టణమువారు దీనికొక ఉపాయము పన్నిరి. సంఘమునకు వచ్చు ఆదాయమంతయు ఒకే పెట్టెలో వేయవలెను. ఆ పెట్టెకు నాలుగు తాళములు. ఒక తాళపుచెవి ప్రభువంశీయుల యొద్ద, ఒకటి పురపాలకుల యొద్ద, ఒకటి పౌరుల యొద్ద, నాలుగవది పల్లె రైతుల యొద్ద ఉండవలెను. పదిమంది నిర్వాహకులు ప్రతి ఆదివారము కూడవలెను. ఏడాదికి మూడు మారులు సంఘమంతటి ఎదుట లెక్కలు చదువవలెను. గురువు జీతము, బడి, వృద్ధుల పోషణ, కరువుకాలమునకు ధాన్యపు నిల్వ, అన్నియు ఆ పెట్టెనుండియే. లూథరు ఈ నిబంధనలకు స్వయముగా పీఠిక వ్రాసి అచ్చు వేయించెను. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని పాత ఆస్తులను పురపాలకులు పెట్టెకు అప్పగింపక తమ చేతనే ఉంచుకొనిరి. ఏర్పాటు అనుకొన్నట్లు సాగలేదు. నాలుగు తాళములు వేయుట సులభమే. నలుగురు మనుష్యులను ఏకము చేయుట కష్టము. ఈ సంగతి గుర్తుంచుకొనుడు, మరల దీనితో పని పడును.

లూథరు మాట తెలుగునకు వచ్చిన కథ చిత్రమైనది. హాలే నగరమునుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను పండితుడు 1726లో మదరాసు చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెలుగు చేసెను. ఆ అనువాదము అచ్చు కాలేదు. కాని అతడు స్వదేశమునకు మరలిన తరువాత 1746 ప్రాంతమున హాలేలో తెలుగు అచ్చక్షరములు పోతపోయించి లూథరు రచించిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును తెలుగున ప్రకటించెను. తెలుగున అచ్చయిన పుస్తకములలో మొదటివిగా పండితులెంచు కొద్దిపాటి పుస్తకములలో ఇదియొకటి. నన్నయ భారతమునకు ముందే, వేమన పద్యములకు ముందే, జర్మనీలో ఒక క్రైస్తవ బాలశిక్ష తెలుగు లిపిలో అచ్చుపడినదన్నమాట! ఆ చిన్న గ్రంథమున విశ్వాసప్రమాణపు మొదటి భాగమునకు లూథరు చేసిన వివరణములో ఇల్లు, పొలము, పశువులు, తిండి, బట్ట, సమస్తమును దేవుడు మన యోగ్యత చూడకయే ఇచ్చినాడన్న భావము కలదు. లూథరన్ల దానధర్మ సిద్ధాంతమంతయు ఈ భావములోనే ఇమిడియున్నది. మందంతయు దేవునిదే, మనము కాపరులము. నెయ్యి పోయుట పుణ్యముకొఱకు కాదు, మంద మనది కాదు గనుక.

పుస్తకము వచ్చిన తరువాత నూరేండ్లకు గాని మనుష్యులు రాలేదు. యోహాను క్రైస్తవ ఫ్రెడరిక్ హయ్యరు 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, బాల్యముననే అమెరికాకు వలసపోయి, అక్కడ లూథరన్ బోధకుడైనవాడు. అతనిని పంపుటకు మొదట వేరొక పెద్ద సంస్థతో కలిసి పనిచేయు ఏర్పాటు తలపెట్టగా, లూథరన్ల కానుకలు లూథరన్ల యాజమాన్యముననే ఉండవలెనని హయ్యరు పట్టుబట్టెను. తుదకు పెన్సిల్వేనియా సంఘమువారు ఆ భారము వహించిరి. 1841 అక్టోబరులో బోస్టనున ఓడ యెక్కి, సింహళము మీదుగా, 1842 జులై 31వ తేదీన అతడు గుంటూరు చేరెను. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్సు అతనికి చేయూతనిచ్చెను. నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చివేసి అప్పటికి పదేండ్లే అయినది. ఊళ్లు పాడుపడియున్నవి. అట్టిచోట ధర్మము గూర్చి మాటలాడుటకు సాహసము కావలెను.

మూడేండ్లకు గోదావరి గట్టున రెండవ దీపము వెలిగినది. ఉత్తర జర్మను మిషను పక్షమున వచ్చిన వాలెట్ 1845లో రాజమహేంద్రవరమున నిలిచెను. గ్రోనింగ్, హైజె అనువారు అతనితో కలిసిరి. అయితే వారిని పంపిన సభలో లూథరన్లకును రిఫార్ముడు శాఖవారికిని వివాదములు రేగినవి. 1848లో ఐరోపాయంతట అలజడులు చెలరేగినవి. చందాలు సన్నగిల్లినవి. 1851 నాటికి రాజమహేంద్రవరపు పనిని అమెరికా లూథరన్లకు అప్పగింపక తప్పలేదు. హాంబర్గులో ఒక దుకాణదారుడు చందా మానివేసినచో గోదావరి గట్టున ఒక బడి మూతపడును. ఆ కాలపు మిషను ధనపు స్వభావమట్టిది.

అమెరికా ధనమునకును ఇదే గతి పట్టినది. 1861 మొదలు 1865 వరకు ఆ దేశమున అంతర్యుద్ధము జరిగినది. లూథరన్లు ఉత్తరులు, దక్షిణులు అని చీలిరి. ఆపైన ఉత్తరాదివారు మతసిద్ధాంతములపై తిరిగి చీలిరి. గుంటూరున ఉనాంగ్‌స్ట్ అను ఒక్క మిషనరీ 1866 మొదలు కొన్ని సంవత్సరములు ఏకాకిగా ఉండి పనియంతయు కాపాడుకొని వచ్చెను. రాజమహేంద్రవరమున ఎవ్వరును లేరు. పోషింపలేని బిడ్డను దత్తత ఇచ్చినట్లు ఆ పనిని ఆంగ్లికను సంఘమునకు చెందిన చర్చి మిషనరీ సొసైటీవారికి ఇచ్చివేయ నిశ్చయమైనది. వారును ఒప్పుకొనిరి.

1869 వసంతమున పెన్సిల్వేనియాలోని రీడింగు పట్టణమున సభ జరుగుచుండగా హయ్యరు అక్కడికి వచ్చెను. డెబ్బదియారవ యేట నడుచుచున్న వృద్ధుడు. 1842 తరువాత ఒకమారు స్వదేశమునకు పోయి వైద్యవిద్య నేర్చి వచ్చి, పలనాటి గ్రామములలో తిరిగి, 1857లో సెలవు తీసికొని పోయినవాడు. ఆ పనిని పరాధీనము చేయవద్దనియు, మనిషి లేడందురా, నేనే పోవుదుననియు అతడు సభకు చెప్పెను. చెప్పినట్లే ఆ సంవత్సరాంతమునకు రాజమహేంద్రవరము చేరి, మరుసటి యేట ష్మిట్ అను యువకుడు వచ్చి భారమందుకొనువరకు పనిచేసెను. 1873 నవంబరులో ఫిలడెల్ఫియాలో మరణించెను. ఆ వయస్సున ఆవిరియోడలలో గోదావరికి మరల వచ్చిన మనిషిని గూర్చి ఆంధ్రదేశమున లూథరన్లు నేటికిని ‘ఫాదర్ హయ్యరు’ అని గౌరవముతో చెప్పుకొందురు. నా మట్టుకు నాకు ఆ కథలో సాహసముకన్న ఒక మాట ముఖ్యముగా తోచును. తాము ఆరంభించినదానిని తాము పోషింపలేనిచో సిగ్గుపడవలెనని అతడెంచెను. ఈ బుద్ధియే ఒకనాటికి తెలుగు సంఘములకు రావలసియుండెను.

అటుపిమ్మట అమెరికాలో ఇచ్చు చేతులు పెరిగినవి. 1874లో గుంటూరు చేరిన ఆడమ్ రోవ్ అను మిషనరీని పంపినది పెద్దల సభ కాదు. ఆదివారపు బడులలోని పిల్లలు ప్రోగుచేసిన చిల్లరడబ్బులు. అందువలన అతనిని ‘బాలల మిషనరీ’ అనిరి. 1882లో అతడు గుంటూరుననే కన్నుమూసెను. పదునొకండవ శతాబ్దపు కోవెల శాసనమున రాణి పేరు, మంత్రి పేరు ఉన్నవి. ఆ అమెరికను పిల్లల పేర్లు ఎక్కడను చెక్కబడియుండలేదు.

ఇక్కడ శ్రోతలకొక సందేహము కలుగవచ్చును. ద్రాక్షారామము, రామచంద్రపురము, అమలాపురము, రాజోలు, కొత్తపేట, ఈ సీమయంతయు రాజమహేంద్రవరమునకింత దాపున నుండగా లూథరన్ సంఘములిక్కడ బలముగా వ్యాపింపలేదేల? ప్రొటెస్టంటు మతమునకు ఈ సీమ క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దముననే డచ్చి వర్తకులకు ద్రాక్షారామమున వర్తకశాలయుండెను. వారు ప్రొటెస్టంటులే, కాని వారికి కావలసినది ఇచ్చటి నేతబట్ట. సువార్తకై వచ్చినవారిలో ముందుగా వచ్చినది బౌడెను, బీరు అను ఇద్దరు ఆంగ్లేయులు. 1836లో భారతదేశమునకు వచ్చి, నరసాపురము కేంద్రముగా డెల్టాలో పని నడపిరి. వీరు బ్రదరన్ సంఘీయులు. జీతము పుచ్చుకొనరు, చందాకై ఎవరిని అడుగరు. దేవుడు పంపినదానితో బ్రదుకవలెనని వారి నియమము.

తూర్పున కాకినాడ వైపు మరియొక కథ. తామస్ గాబ్రియేలు అను తెలుగు క్రైస్తవుడు తంతి శాఖలో ఉద్యోగము చేయుచుండెను. మొదట లూథరన్ల సహవాసములో నుండి, పిమ్మట బాప్టిస్టు అయి, ఉద్యోగము మానివేసి స్వంత పూచీమీద సంఘములు స్థాపింప బూనుకొనెను. ఖర్చులకై వ్యాపారము చేసి నష్టపడి అప్పులపాలయ్యెను. అతని విన్నపము మీదనే కెనడా బాప్టిస్టులు 1874లో జాన్ మెక్లారిన్‌ను కాకినాడకు పంపిరి. మరుసటి సంవత్సరమే గాబ్రియేలు మరణించెను. తరువాతి కాలమున రామచంద్రపురము కెనడా బాప్టిస్టుల కేంద్రమైనది. అక్కడ వారు కుష్ఠరోగుల కొఱకు ఆసుపత్రి నడపిరి. ఒకరి పొలమున మరియొకరు దున్నరాదని మిషనులు తమలో తాము హద్దులేర్పరచుకొన్నవి. ఆ హద్దుల ప్రకారము లూథరన్ల భాగము రాజమహేంద్రవరము, ధవళేశ్వరము, పశ్చిమమున తాడేపల్లిగూడెము, భీమవరము మొదలైన తావులు. ద్రాక్షారామము వారి పొలిమేరకు అవతల మిగిలిపోయినది.

ఆ భాగమున సంఘములలో చేరినవారెవరు? కొందరు అగ్రవర్ణములవారు లేకపోలేదు. కాని అధికసంఖ్యాకులు ఊరివెలుపల పల్లెలలో నివసించు మాలలు, మాదిగలు. స్వంత పొలము లేనివారు. పాలేరుతనమునకు ఏడాదికింతయని ధాన్యము కొలిపించుకొనువారు. ఆడువారు నాట్లకు, కలుపునకు, కోతకు పోయి కూలి గింజలుగనే తెచ్చుకొనువారు. వారి యింట నాణెము కనబడుట అరుదు. అట్టి సంఘమున ఆదివారము కానుక సంచి త్రిప్పిన అందులో పడునదేమి?

అందువలన కానుక వంటయింటనుండి రావలసివచ్చెను. ఇల్లాలు అన్నమునకు బియ్యము కొలుచుకొన్న తరువాత, కడుగుటకు ముందు, అందులోనుండి పిడికెడు తీసి వేరొక ముంతలో వేయును. ప్రతిపూటయు ఇట్లే. శనివారము నాటికి ముంత నిండును, లేదా సగమగును. ఆదివారము దానిని కొంగున మూటగట్టుకొని ప్రార్థనకు తెచ్చి పెద్ద గంపలో పోయును. అందులో దంపుడు బియ్యము, నూకలు, పాతవి, క్రొత్తవి, ముతకవి అన్నియు కలగలుపు. పలనాటి మెట్టసీమలో నైన జొన్నలు, సజ్జలు. దానిని గురువు జీతములో భాగముగా ఇత్తురు, లేదా సంఘములోనే కొలిచి అమ్మి సొమ్ము జమకట్టుదురు.

ఈ ఆచారము లూథరన్లకు మాత్రమే చెందినది కాదు. ఆంధ్రదేశమున ఇతర సంఘములలోను కలదు. ఈశాన్యమున మిజోరము క్రైస్తవులు దీనినే పెద్ద ఎత్తున నేటికిని నడపుచున్నారు. మనలో హిందువుల యిండ్లలోను మఠములకును వారాలబ్బాయిలకును ఇట్లు తీసిపెట్టు వాడుక ఉన్నదే. అయినను ఇందులో నాకొక విశేషము కనబడుచున్నది. ముష్టి అనగా పిడికిలి. తెలుగున ఆ మాటకు బిచ్చమను అర్థము స్థిరపడినది. ఊరిలో ఇతరుల పిడికిలివంక చూడవలసినవారని యెంచబడినవారు, తమ పిడికిలితో తామిచ్చుట నేర్చిరి. ఆంగ్లేయులలో కొందరు వీరిని ‘బియ్యపు క్రైస్తవుల’ని, అనగా తిండికొఱకు మతము మారినవారని పరిహసించెడివారు. వారాడిన ఆ మాటయందు పూర్తిగా అసత్యమే ఉన్నదనను. కరువుకాలములలో మిషనుల గంజి ఎందరినో బ్రదికించినది. కాని పరిహసించినవారు బియ్యము ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోవుచున్నదో రెండవవైపునుండి చూడలేదు.

గోదావరి ఆనకట్ట సంగతి ఇచ్చట చెప్పకున్న చరిత్ర కుంటిదగును. రాజమహేంద్రవరమున లూథరన్ బోధ మొదలైన రెండేండ్లకు, 1847లో, ధవళేశ్వరమున ఆర్థరు కాటను పని ప్రారంభించి 1852లో ముగించెను. కాలువలు సాగి డెల్టా పచ్చబడినది. భూమి లేనివానికి భూమి రాలేదు కాని పని పెరిగినది, కూలి గింజలు పెరిగినవి. డెల్టా సంఘముల కోతపండుగలు ఆ నీటిమీద నిలిచినవనుట అతిశయోక్తి కాదు. మెట్టసీమ సంఘములతో పోల్చిచూచిన ఈ భేదము తెలియును.

మరి ఆ పిడికెడు బియ్యమునకు ఎంత బలము? నిజము చెప్పవలెనన్న, చాలలేదు. బడులకు, ఆసుపత్రులకు, గురువుల జీతములకు కావలసినదానిలో సింహభాగము అమెరికానుండియే వచ్చుచుండెను. గుంటూరున కళాశాల, రాజమహేంద్రవరమున లూథర్‌గిరి వేదపాఠశాల, ఊరూరను ప్రాథమిక పాఠశాలలు ఆ ధనముతో నడచినవి. మహాకవి గుఱ్ఱం జాషువ గుంటూరున లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణాలయములో చాల యేండ్లు పనిచేసెను. ఆయన 1957 మొదలు 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా నుండుట మాకు గర్వకారణము. ధనము మంచిపనియే చేసినది. కాని అది మరియొక పనియు చేసినది: మిషను ఉన్నది, మిషను చూచుకొనును అన్న అలవాటు పుట్టించినది. గురువు సంఘమునకు గాక జీతమిచ్చు దొరకు జవాబు చెప్పుకొనువాడయ్యెను. పంచాయతి వచ్చినను, గోడ కూలినను, దొరగారికి అర్జీ. ఇట్టిచోట గృహనిర్వాహకత్వము మాటగనే నిలిచిపోవును. ఏలయన తాళపుచెవి తన చేత లేనివాడు నిర్వాహకుడెట్లగును?

దానము ఒకచోటినుండియే రాలేదనుటకు గుంటూరు ఆసుపత్రి సాక్ష్యము. 1883లో వచ్చిన వైద్యురాలు అన్నా కుగ్లరు 1898లో స్త్రీలకును పిల్లలకును అక్కడ ఆసుపత్రి తెరచెను. తన భార్యకు అక్కడ జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు బహద్దరు రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రియొద్ద సత్రము కట్టించెను. హిందువైన జమీందారు లూథరన్ ఆసుపత్రికి తన సంప్రదాయము చొప్పున సత్రమిచ్చుట చక్కని సంగతి. కృతజ్ఞతయే దానమునకు కారణమన్న లూథరు మాటకు అంతకన్న మంచి ఉదాహరణము ఆ సంఘములలోనే వెదకినను దొరకుట కష్టము.

తాళపుచెవులు చేతులు మారుటకు ప్రపంచయుద్ధము తోడ్పడినది. మొదటి యుద్ధకాలమున దక్షిణాంధ్రమున సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతములలోని జర్మను మిషనరీలు శత్రుదేశీయులని నిర్బంధింపబడిరి. జర్మనీ ధనము ఆగిపోయినది. ఆ సంఘములు కొంతకాలము ఇంచుమించు తమ కాళ్లపై తాము నిలువవలసివచ్చెను. పిదప అమెరికాలోని ఒహాయో లూథరన్లు వారిని ఆదుకొనిరి. 1918లో అమెరికాలో చీలిన లూథరన్ శాఖలు తిరిగి కలిసినందున ఇచ్చట గుంటూరు, రాజమహేంద్రవరపు మిషనులకును వేరుగా ఉండ పనిలేకపోయెను. 1927లో ఆ రెండు సీమల సంఘములు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడినది. పేరు ఆంధ్రులదైనను అధ్యక్షపదవి మరి పదునేడేండ్లు విదేశీయులదే. 1944లో రెవరెండు ఇ. ప్రకాశంగారు తొలి భారతీయ అధ్యక్షులైరి.

ఈ నడుమ 1938లో లూథర్‌గిరిలో అధ్యాపకులుగా నుండిన ముంగమూరి దేవదాసుగారు లూథరన్ సంఘమును విడిచి, ఏ విదేశసంస్థయు వెనుక లేని బైబిలు మిషనును స్థాపించిరి. సిద్ధాంత విషయములలో ఆయనతో ఏకీభవింపనివారును ఒకటి ఒప్పుకొందురు: విదేశధనము లేకుండ తెలుగువారు ఒక సంఘమును నడపగలరని ఆయన చూపెను.

స్వాతంత్ర్యము తరువాత ఈ పేద సంఘములకు క్రొత్త కష్టమొకటి వచ్చినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవ మతము పుచ్చుకొన్న దళితులు షెడ్యూల్డు కులములకు చెందిన సదుపాయములకు అనర్హులైరి. ఒకే పల్లెలో, ఒకే పేదరికములో ఉన్న ఇద్దరు అన్నదమ్ములలో ఒకనికి విద్యార్థివేతనము, రెండవవానికి లేదు. పెక్కుమంది రికార్డులలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉంచుకొనిరి. దానిని తప్పు పట్టువారు సుఖముగా కూర్చుండి తప్పు పట్టుచున్నారు. ఈ ఉత్తర్వును గూర్చిన వాదము ఏడు దశాబ్దములు దాటినను తెగలేదు. పిడికెడు బియ్యము తీయు ఇల్లాలికి విశ్వాసము వలన కలిగిన ఖర్చు ఆ పిడికెడు మాత్రమే కాదని తెలియుటకై ఈ మాట చెప్పవలసివచ్చినది.

మిషనరీలు వెడలిపోవుచు విలువైన స్థలములు, భవనములు, ఆసుపత్రులు తెలుగు సంఘమునకు అప్పగించిరి. గుంటూరున, రాజమహేంద్రవరమున పట్టణములు పెరిగి ఆ స్థలముల వెల ఆకాశమునంటినది. ఆపైన లైస్నిగ్ పట్టణపు కథయే మరల నడచినది. పదవులకై ఎన్నికల పోరు, ఆస్తులకై వ్యాజ్యములు, ఒకే పదవికి ఇరువురు హక్కుదారులు, కోర్టుమెట్లు. కొన్ని దశాబ్దములు ఆ సంఘపు శక్తియంతయు ఇందులకే వ్యయమైనది. ద్రాక్షారామ శాసనముల చివర, ఈ ధర్మమును చెరచినవాడు ఘోరపాపములు పొందునని శాపములు చెక్కించిరి. ఆ దాతలు అనుభవజ్ఞులు! దానమిచ్చునప్పుడే దానిని తినివేయువారు వత్తురని ఎరుగుదురు. లూథరన్ సంఘ నిబంధనావళిలో శాపములు లేవు. లెక్కల తనిఖీ మాత్రమున్నది.

ఈ వ్యాజ్యములన్నియు పట్టణములలోనివి. పల్లెసంఘములలో లెక్క వేరు. అక్కడ ఆస్తి లేదు గనుక తగవును లేదు. గుడి రెక్కలు విరిగిన పెంకుటిల్లో, నేడు సిమెంటు కప్పు వేసిన చిన్న మందిరమో. సంఘపెద్దలు ఇద్దరు ముగ్గురు. నెలకొకమారు పుస్తకము తెరచి, కానుకలింత, గురువుగారికిచ్చినదింత, దీపపు బిల్లు ఇంత అని చదువుదురు. అక్షరము రానివారు కూడ చెవియొగ్గి విందురు. బియ్యపు ముంత స్థానమున చాలచోట్ల కవరులు వచ్చినవి. గల్ఫు దేశములలో పనిచేయు పిల్లలు పంపిన కానుక కోనసీమ పల్లెల మందిరములకు రంగు వేయించుచున్నది. చౌకదుకాణపు బియ్యము తెచ్చుకొను ఇల్లాండ్రు కొందరు అందులోనుండియే పిడికెడు తీయుచున్నారు.

కోతపండుగ మాత్రము మారలేదు. ఆనాడు ప్రసంగవేదిక ముందు వరికంకులు, కొబ్బరికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు, గ్రుడ్లు, పందిరిమీద కాచిన ఆనపకాయలు గుట్టగా పేర్చుదురు. ఆరాధన ముగిసిన తరువాత వేలము. పెద్దలలో గొంతుగలవాడొకడు నిలువబడి పాట పెంచును. గుమ్మడికాయ మూడువందలకు పాడినవాడు సొమ్ము కట్టి, కాయను ఇంటికి తీసికొనిపోక తిరిగి గుట్టలోనే పెట్టును. దానిని మరల వేలము వేయుదురు. రెండవవాడు రెండువందలిచ్చి అతడును అక్కడనే విడిచిపెట్టును. పిల్లలు నవ్వుచుందురు. మధ్యాహ్నము దాటునప్పటికి ఆ కాయ మూడు నాలుగు మారులు అమ్ముడుపోయి, తుదకు ఆ వారము మగనిని పోగొట్టుకొన్న యింటికో, పురిటి మంచమున్న యింటికో చేరును.